లాల్‌బాగ్ నుంచి ఏం తెచ్చుకోవాలి?

లాల్‌బాగ్ పూల ప్రదర్శన చూసి తిరుగు రైలెక్కిన ప్రతిసారీ నా చేతిలో ఓ మొక్కల సంచి ఉండేది. పెటూనియా, సాల్వియా, పేరు తెలియనివి మరో నాలుగు. మా ఆడపడుచు బెంగుళూరులో ఉండబట్టి రెండు మూడేళ్ళకోసారి మాకీ యాత్ర తప్పదు. విజయవాడలో మా మూడో అంతస్తు బాల్కనీలో ఆ మొక్కలు శివరాత్రి దాకా కళకళలాడేవి. ఉగాది దాటేసరికి కుండీలు మాత్రం మిగిలేవి. "నీ చేతికి మొక్క నిలవదు" అని మా వారు నవ్వితే నేనూ నిజమే అనుకున్నాను. చాలా ఏళ్ళే అనుకున్నాను.

తప్పు నా చేతిది కాదని 2024 జనవరిలో మా అత్తయ్యగారి వల్ల తెలిసింది.

ఆవిడకు అప్పటికి 78 ఏళ్ళు. తెనాలి దగ్గర పల్లెలో ఇల్లూ పెరడూ అమ్మేసి మా దగ్గరకొచ్చి ఏడాది అయింది. ఆ పెరట్లో నందివర్ధనం, కరివేప, దొండపాదు, గాబు పక్కన అరటి. ఇక్కడికొచ్చాక కుర్చీలో కూర్చుని ఎదురు ఫ్లాటు గోడ చూస్తుండేవారు. మాట తగ్గింది, అన్నం తగ్గింది. డాక్టరు చూసి జబ్బేమీ లేదన్నాడు. ఆ మాటకే మాకు ఎక్కువ భయం వేసింది. కాస్త మార్పుగా ఉంటుందని బెంగుళూరు తీసుకెళ్ళాం.

లాల్‌బాగ్ గురించి మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. 1760లో హైదర్ అలీ మొదలుపెట్టిన తోట, ఇప్పుడు 240 ఎకరాలు. మధ్యలో ఉన్న గ్లాస్ హౌస్ 1889 నాటిది, లండన్ క్రిస్టల్ ప్యాలెస్ నమూనాలో కట్టింది. ఏటా రిపబ్లిక్ డేకి, స్వాతంత్ర్య దినోత్సవానికి అందులో పూల ప్రదర్శన పెడతారు. ఆ జనవరిలో బసవేశ్వరుడి అనుభవ మంటపాన్ని పూలతో నిలబెట్టారు. జనం తోసుకుంటూ ఫోటోలు తీసుకుంటున్నారు. నేనూ నోరు తెరుచుకుని చూస్తున్నాను. అత్తయ్యగారు మాత్రం "వీటికి వేళ్ళేవే అమ్మాయ్?" అన్నారు.

నిజమే, అవి కోసిన పూలు. వాడితే తీసేసి కొత్తవి గుచ్చాల్సిందే. సరే, చుట్టూ నేలమీద విరగబూసినవో? ఆవిడ వంగి ఆకులు పక్కకు తీసి చూపించారు. కింద కుండీలు! అంచుకు అంచు ఆనించి వరసలు పెట్టారు. అక్కడ నీళ్ళు పోస్తున్న మనిషి తెలుగావిడే. "ముందే నర్సరీలో పెంచి, పూతకొచ్చాక ఇక్కడ పెడతాం. అయిపోగానే తీసేస్తాం" అంది. అంటే ఇన్నేళ్ళూ నేను చూసింది మొక్కల కాపురం కాదు, పెళ్ళి ముస్తాబు.

పైగా బెంగుళూరు సముద్రమట్టానికి దాదాపు 3 వేల అడుగుల ఎత్తున ఉంది. ఈ చలికాలపు పూలకు అక్కడ హాయి. మే నెలలో 45 డిగ్రీలు చూసే బెజవాడలో పెటూనియా ఎలా ఆగుతుంది? మొక్కలమ్మే చోట ఈ మాట ఎవరూ చెప్పరు గదా!

అందుకే నా అభిప్రాయం ఏమిటంటే, ఇలాంటి చోట్ల నుంచి మొక్కలు తెచ్చుకోకూడదు. అమరిక తెచ్చుకోవాలి. అక్కడ పొడుగువి వెనక, పొట్టివి ముందు, మెట్లు మెట్లుగా పెడతారు. ముందు వరస ఆకులు వెనక కుండీలను కప్పేస్తాయి. ఏటా దసరాకి బొమ్మల కొలువు పెట్టే మనకు ఇది కొత్తా? ఇటుకల మీద పాత చెక్క బల్ల వేసి నేనూ మూడు మెట్లు కట్టాను. రెండోది రంగు. మనం కుండీకో రకం పెట్టి బాల్కనీని సంతలా చేస్తాం. వాళ్ళు ఒకే రంగును గుంపుగా పోస్తారు. ఆరు కుండీల బిళ్ళగన్నేరు పక్కపక్కన పెట్టి చూడండి, వీధిలోంచి కనిపిస్తుంది. ముందు వరసకు గడ్డిగులాబీ. ఎండ ఎంత కాస్తే అది అంత విచ్చుకుంటుంది. కుండీలు దగ్గరగా ఉంటే ఒకదాని నీడ ఒకదానికి, మట్టి తొందరగా కాగదు. మట్టి మీద కొబ్బరి పీచు పరిస్తే తడి నిలుస్తుంది. పడమటి ఎండకు అడ్డంగా తాళ్ళు కట్టి తీగ బచ్చలి పాకించాం. పప్పులోకీ పనికొస్తుంది.

బోన్సాయ్‌ల దగ్గర మా ఆడపడుచు గంటసేపు నిలబడింది. మర్రిచెట్టును పళ్ళెంలో చూస్తే నాకు ఏదోలా ఉంటుంది. నా చాదస్తమే అనుకోండి.

అసలు గొడవ ఇంటికొచ్చాక మొదలైంది. బాల్కనీలో వాషింగ్ మెషీను, వాడని సైకిలు, పాత పేపర్ల కట్టలు. "చోటెక్కడుంది?" అన్నారు మా వారు. నీళ్ళు కింది అంతస్తులో పడుతున్నాయని అపార్టుమెంటు సంఘం వాళ్ళు నోటీసిచ్చారు. వాళ్ళన్నదాంట్లో న్యాయముంది. కుండీ కుండీకీ అడుగున పళ్ళెం పెట్టాను, దోమలు రాకుండా రోజూ ఒంపేస్తున్నాను. కానీ మా వారి మాటకు మాత్రం నేను ఊరుకోలేదు. పెరడు అమ్మిన డబ్బు ఈ ఫ్లాటు అప్పుకే కట్టాం. తుక్కు సైకిలుకు చోటుంది, ఆ పెరడు పెంచిన మనిషికి నాలుగడుగులు లేవా? ఆరోజు గట్టిగానే అడిగాను. ఇది మా ఒక్క ఇంటి సంగతి కాదనుకుంటాను. పల్లె నుంచి పెద్దవాళ్ళను తెచ్చుకుంటున్న ఇళ్ళలో మంచం ఎక్కడ వేయాలా అనే ఆలోచిస్తున్నాం. వాళ్ళ చేతులకు పనేమిటన్నది ఎవరికీ తట్టడం లేదు.

సైకిలు పోయింది. ఆ వేసవిలో పుదీనా ఎండిపోయింది, మల్లె ఒకటి బతికింది, ఒకటి పోయింది. అత్తయ్యగారు బియ్యం కడిగిన నీళ్ళు పారబోయనివ్వరు. పక్క ఫ్లాటు అమ్మాయికి బచ్చలి కాడ ఎలా నాటాలో చెబుతూ, ఆమె సరిగా నాటలేదని కోప్పడుతున్నారు కూడా. ఈమధ్య పొట్ల గింజలు తెమ్మని ఒకటే పోరు. పందిరెక్కడ వేస్తామండీ అంటే, "బట్టలారేసే తీగలున్నాయిగా" అంటున్నారు. బట్టలెక్కడ ఆరేయాలో మా వారితో మాట్లాడాలి.