ఫ్రెంచి, స్పానిషు భాషలలో పట్టము – మన పిల్లలకు కావలసిన అర్హతలు

పాఠశాల విద్య ముగియు తరుణమున ప్రతి యింటను ఒక చర్చ జరుగుచుండును. ఇంజనీరింగా, వైద్యమా, వాణిజ్యశాస్త్రమా యను మూడు మాటలతోనే ఆ చర్చ ప్రారంభమై, ఆ మూడు మాటలతోనే ముగియుచున్నది. బాలుడో, బాలికయో "నేను ఫ్రెంచి చదివెదను, స్పానిషు చదివెదను" అన్నచో పెద్దలు మొదట నవ్వుదురు, పిదప "తెలుగు మాధ్యమమున చదివినవారికి అవి యెట్లు అబ్బును? అవి నగరములలో ఇంగ్లీషు బడులలో చదివినవారికి గదా" అని నిట్టూర్చుదురు. ఈ మాట ఎంతవరకు నిజమో విచారింపక మనము నమ్ముచున్నాము. ఇది నిజము కాదనియు, ఈ అపోహ మన పిల్లలకు రెండు విధముల నష్టము కలిగించుచున్నదనియు నా అభిప్రాయము.

ముందుగా నియమముల సంగతి చూతము. మన దేశమున ఫ్రెంచి, స్పానిషు భాషలలో బి.ఏ. ఆనర్సు చదువు నేర్పు విద్యాలయములలో ముఖ్యమైనవి ఢిల్లీలోని జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయము, ఢిల్లీ విశ్వవిద్యాలయము, హైదరాబాదులోని ఇంగ్లీషు మరియు విదేశీ భాషల విశ్వవిద్యాలయము. ఈ కడపటిది 1958లో కేవలము ఇంగ్లీషు బోధనకై స్థాపింపబడి, 1972లో విదేశీ భాషలను కూడ చేర్చుకొని, 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయమైనది. తెలుగునాటి నడిబొడ్డున ఇట్టి విద్యాలయ ముండగా, ఆ పేరైనను వినని తెలుగు విద్యార్థులు వేలకొలది కలరు.

ఈ చదువున చేరుటకు పన్నెండవ తరగతి ఉత్తీర్ణత ప్రధానమైన అర్హత. నెహ్రూ విశ్వవిద్యాలయమువారు కనీసము నూటికి 45 మార్కులు కోరుదురు. గణితమా, చరిత్రయా, వాణిజ్యమా, ఏది చదివితివని అడుగరు. అంతకన్న ముఖ్యమైన విషయము మరియొకటి కలదు: మొదటి సంవత్సరమున చేరువానికి ఫ్రెంచిగాని, స్పానిషుగాని ముందుగా వచ్చియుండ నక్కరలేదు. అచ్చట అక్షరములనుండియే నేర్పుదురు. 2022 మొదలు కేంద్రీయ విశ్వవిద్యాలయముల ప్రవేశమునకు ఉమ్మడి పరీక్ష యేర్పడినది. ఆ పరీక్షను 13 భాషలలో నిర్వహించుచున్నారు; అందు తెలుగు ఒకటి. కావున తెలుగు మాధ్యమ విద్యార్థికి ఈ తలుపు మూయబడి యున్నదనుట పొరపాటు. ప్రతి సంవత్సరమును ఆయా విద్యాలయముల ప్రకటనలను జాగ్రత్తగా చదివి, గడువు లోపల దరఖాస్తు పంపుకొనుట మాత్రము మన పని.

ఇవి కాగితముపైని అర్హతలు. అసలైన అర్హతలు వేరు. నా దృష్టిలో అవి మూడు: మాతృభాషపై గట్టి పట్టు, అవసరమైనంత ఇంగ్లీషు జ్ఞానము, ఓర్పుతో కూడిన దినచర్య.

మాతృభాషను మొదట చెప్పుటకు కారణ మున్నది. వ్యాకరణమన నేమో ఒక భాషలో తెలిసినవానికే మరియొక భాష వ్యాకరణము తెలియును. ఫ్రెంచిలో "లే" అను బహువచన నిర్దేశకమున్నది. దాని చివర వ్రాతలో ఒక సకారముండును గాని పలుకబడదు. అయినను అచ్చు పరమగునప్పుడు అది జకారమువంటి ధ్వనిగా బయటపడును. "లే", "ఆమీ" అను రెండు మాటలు కలసి "లేజామీ" యగును, స్నేహితులని అర్థము. ఇది ఇంగ్లీషు మాత్రమే చదివినవానికి వింతగా తోచును. మన విద్యార్థికి వింత యేమున్నది? "వచ్చె", "ఇపుడు" కలసి "వచ్చెనిపుడు" అగుటను, దాగియున్న ద్రుతము అచ్చు ముందర తలయెత్తుటను అతడు తొమ్మిదవ తరగతి నాటికే చదివియున్నాడు.

స్పానిషు క్రియలను చూడుడు. "ఆబ్లో" అనిన నేను మాట్లాడుదును. "ఆబ్లాస్" అనిన నీవు మాట్లాడుదువు. "ఆబ్లామోస్" అనిన మేము మాట్లాడుదుము. క్రియ చివరనే కర్త తెలియుచున్నది గనుక "నేను", "నీవు" అను మాటలను ప్రత్యేకముగ చెప్ప నక్కరలేదు. తెలుగు పద్ధతియు ఇదియే. ఇంగ్లీషున ఈ సౌకర్యము లేదు. అట్లే పెద్దలను "మీరు" అనియు, చనువుగలవారిని "నీవు" అనియు మనము పిలుతుము. ఫ్రెంచివారు "వూ", "త్యు" అనియు, స్పానిషువారు "ఉస్తెద్", "తూ" అనియు ఆ భేదమునే పాటింతురు. ఇంగ్లీషున రెంటికిని ఒకటే మాట. ఇక ఉచ్చారణము: ఈ రెండు భాషల తకార దకారములు ఇంగ్లీషువారి వానివలె టకార డకారముల ఛాయ గలవి కావు, మన త, ద లకు మిక్కిలి దగ్గర.

కష్టములు లేవని నేననను. ఫ్రెంచిలో ముక్కుతో పలుకు అచ్చులు, వ్రాసియు పలుకని అక్షరములు, గొంతులోనుండి వచ్చు రేఫము మనకు క్రొత్తవి. జీవము లేని వస్తువులకును స్త్రీ పుంలింగములు కలవు. ఆ రెండు భాషలలోను పుస్తకము పుంలింగము, బల్ల స్త్రీలింగము. వీనికి కారణము వెదకి ప్రయోజనము లేదు; మాటతోబాటు లింగమును గూడ కంఠస్థము చేయవలసినదే. మన పిల్లలకు పద్యములు కంఠస్థము చేయు అలవాటున్నచో ఇది భారము కాదు. ఆ అలవాటును బడిలో నిలుపుకొనుట ఉపాధ్యాయులమైన మా బాధ్యత.

రెండవది ఇంగ్లీషు. నిఘంటువులు, వ్యాకరణ గ్రంథములు, తక్కిన శాస్త్రముల బోధన ఇంగ్లీషులో నుండును గనుక చదివి గ్రహించునంత ఇంగ్లీషు తప్పక కావలయును. అది ఎనిమిదవ తరగతి మొదలు క్రమముగ చదివినచో సాధ్యమగును. దానికొరకు తెలుగు మాధ్యమమును విడువవలసిన పని లేదు.

మూడవది ఓర్పు. అమెరికా ప్రభుత్వమువారు తమ దౌత్యోద్యోగులకు భాషలు నేర్పు సంస్థ అనుభవము ప్రకారము, ఇంగ్లీషు మాతృభాషగా గలవానికి ఫ్రెంచిగాని స్పానిషుగాని ఉద్యోగమునకు చాలునంత వచ్చుటకు 600 నుండి 750 తరగతి గంటలు పట్టును. దినమున కొక గంట చొప్పున లెక్కించినచో ఇది రెండేండ్ల పని. ఆ భాషలకు దాయాదియైన ఇంగ్లీషు పలుకువారికే ఇంత కాలమైనప్పుడు, మనకు మరికొంత పట్టునని వేరుగ చెప్ప నక్కరలేదు. ఐరోపావారు భాషాజ్ఞానమును ఏ1 మొదలు సీ2 వరకు ఆరు మెట్లుగా విభజించిరి. ఫ్రాన్సులో ఫ్రెంచి మాధ్యమమున విశ్వవిద్యాలయ ప్రవేశము కోరువానికి సాధారణముగ నాలుగవ మెట్టు, అనగా బీ2, కావలయును. పట్టము చేతికి వచ్చి ఈ మెట్టునకు చేరనివాడు చదివియు చదువనివాడే.

ఇచ్చట తలిదండ్రులకు ఒక మాట నిష్ఠురముగ చెప్పవలసియున్నది. తమిళనాట హయ్యరు సెకండరీ తరగతులలో మొదటి భాషగా తమిళము, తెలుగు, ఫ్రెంచి మున్నగువానిలో ఒకదానిని ఎన్నుకొనవచ్చును. ఫ్రెంచిలో మార్కులు మెండుగ వచ్చునని విని, పదేండ్లు చదివిన తెలుగును మాన్పించి, పిల్లలను ఆ భాషలో చేర్చు తలిదండ్రులు నానాటికి పెరుగుచున్నారు. వారి ఆత్రము నాకు తెలియును; ఒక్క మార్కుతో కళాశాల ప్రవేశము తారుమారగు కాలమిది. అయినను ఫలితమేమి? రెండేండ్లలో కొన్ని పాఠములు వల్లించి, పరీక్ష వ్రాసి, మరుసటి మాసమున ఫ్రెంచిని మరచుచున్నారు. తెలుగు ఎట్లును పోయినది. ఫ్రెంచియందు ప్రేమ గలవాడు ఇట్లు చదువడు; తెలుగునందు ప్రేమ గలవాడు ఇట్లు విడువడు. మనవంటి చోట్ల మరియొక ప్రమాదము కూడ కలదు. తెలుగు తరగతిలో నలుగురు పిల్లలు తగ్గినచో, మరుసటి యేట ఆ తరగతి యుండునో యుండదో చెప్పలేము. ఒక ఇంటివారి మార్కుల లెక్క ఊరి పిల్లలందరి చదువునకు చేటు కాగూడదు.

ఫ్రెంచి చదువవలదని కాదు నా మాట. అది తెలుగునకు బదులుగా కాక, తెలుగుతోబాటు రావలయును. ఈ రెండు భాషల చెలిమి నిన్న మొన్నటిది కాదు. పదునెనిమిదవ శతాబ్దమున గాస్తోన్ లోరాన్ కేర్దూ అను ఫ్రెంచి జెసూటు మతగురువు దక్షిణదేశమునకు వచ్చి, తెలుగు నేర్చి, తెలుగు – ఫ్రెంచి – సంస్కృత నిఘంటువును కూర్చెను. సంస్కృతమునకు గ్రీకు, లాటిను భాషలతో చుట్టరికము కలదని 1767లోనే స్వదేశపు పండితులకు లేఖ వ్రాసెను. ఆయన 1779లో పుదుచ్చేరిలో కన్నుమూసెను. దూరదేశమునుండి వచ్చినవాడు మన భాషను అంత శ్రద్ధతో నేర్వగా, మనము వారి భాషను మార్కులకొరకు మాత్రమే తాకుట గౌరవము కాదు.

మన సోదరులు నివసించు యానాము చరిత్రయు స్మరింపదగినది. 1954లో ఆ పట్టణము ఫ్రెంచి పాలననుండి మనకు దక్కెను. 1956 మే 28న జరిగిన ఒప్పందము 1962 ఆగస్టు 16న అమలునకు వచ్చెను. ప్రజాప్రతినిధులు మరియొక విధముగ నిర్ణయించువరకు ఫ్రెంచి అధికారభాషగా నుండునని ఆ ఒప్పందపు 28వ అధికరణము చెప్పుచున్నది. పుదుచ్చేరిలో ఫ్రెంచి భాషాసంఘమైన అలియాన్సు ఫ్రాంసేజు 1889 నుండియు పనిచేయుచున్నది. అచ్చటి విశ్వవిద్యాలయమున ఫ్రెంచి శాఖ కలదు. దక్షిణాదివారికి ఇంత చేరువలో ఇట్టి వసతు లుండగా, వానిని ఎరుగకుండుట మన లోపమే.

"చదివిన పిదప బ్రతుకుదెరువేమి?" అను ప్రశ్న సహజము. స్పానిషు ఇరువది దేశములకు అధికారభాష. ఫ్రెంచి ఐరోపాలోనే గాక ఆఫ్రికాఖండమున అనేక దేశములలో వ్యవహారమున నున్నది. ఐక్యరాజ్యసమితి ఆరు భాషలలో ఈ రెండును కలవు. బోధన, అనువాదము, దుబాసీపని, పర్యాటకశాఖ, ఎగుమతి వ్యాపారము, విదేశీ సంస్థల కార్యాలయములు – ఇవి దారులు. కాని ఉన్నమాట చెప్పవలయును: ఉత్త పట్టము చూచి ఎవ్వరును ఉద్యోగమీయరు. ఈనాడు యంత్రములే సామాన్యమైన ఉత్తరములను క్షణములో అనువదించుచున్నవి. కావున అరకొర భాషాజ్ఞానమునకు వెల తగ్గినది. లోతైన జ్ఞానమునకు తగ్గలేదు. లెక్కలో, న్యాయశాస్త్రమో, వాణిజ్యమో తోడుగ నేర్చి, బీ2 మెట్టును దాటినవాడు నిలుచును. అంత శ్రమకు సిద్ధపడనివాడు ఈ మార్గమున రాకుండుటయే మేలు.

విద్యార్థులారా! మీరు ఇంట తెలుగు, వీధిలో ఇరుగుపొరుగువారి భాష, బడిలో ఇంగ్లీషు – ఇట్లు మూడు భాషల నడుమ పెరుగుచున్నారు. ఒక భాషనుండి మరియొక భాషకు మాటను మోసికొనిపోవుట మీకు చిన్ననాటనుండియు అలవాటే. అంగడిలో బేరమాడునప్పుడు, అవ్వకు ఆసుపత్రిలో వైద్యుని మాట తెలియజెప్పునప్పుడు మీరు చేయుచున్న పని దుబాసీపనియే. అల్పసంఖ్యాకులమని కుందుటకు బదులు, దీనిని మూలధనముగ నెంచుకొనుడు.

ఇప్పుడు చేయవలసినది స్వల్పము. తెలుగు వ్యాకరణమును మనసుపెట్టి చదువుడు. దినమునకు ఒక పుట ఇంగ్లీషు చదివి, తెలియని మాటలను నిఘంటువులో చూచుకొనుడు. పన్నెండవ తరగతి వరకు తెలుగును విడువకుడు. ఆపైని మనసున్నచో ఫ్రెంచిలోనో స్పానిషులోనో చేరుడు. ఆ సాహిత్యములలోని గ్రంథములు మనకు చాలవరకు ఇంగ్లీషు మీదుగనే చేరినవి. మూలమునుండి నేరుగా తెలుగునకు తేగలవారు మన బడినుండి ఒక్కరు వచ్చినను, ఈ బడి పడిన శ్రమ సార్థకమగును.