అచ్చు పడితే చాలదు.. నిలవాలి!

బెండకాయను అడ్డంగా కోసి, రంగులో అద్ది కాగితం మీద నొక్కితే చక్కటి పువ్వు. బంగాళాదుంపను సగానికి కోసి దాని మీద నక్షత్రం చెక్కితే పుస్తకం నిండా చుక్కలే! సెలవులొచ్చాయంటే పిల్లలున్న ఇంట్లో ఈ అచ్చులాట మామూలే. కాస్త పెద్ద పిల్లలైతే పెన్సిల్ రబ్బరు మీద తమ పేరును తిరగేసి చెక్కి, సొంత స్టాంపు తయారు చేసుకుంటారు. నోటుపుస్తకాల మీద పేరు, రాఖీ కవరు మీద పువ్వు, తాతయ్య పుట్టినరోజు కార్డు మీద మామిడిపిందెల అంచు.. సరదాకి సరదా, పనికి పని.

చిక్కంతా ఆ తర్వాతే. బీట్‌రూట్ రసంతో అద్దిన గులాబీరంగు పువ్వు కొన్నాళ్లకే గోధుమరంగులోకి మారిపోతుంది. పసుపుతో వేసిన అచ్చు కిటికీ పక్కన ఉంటే వెలిసిపోతుంది. నాలుగు రోజులు మూత తీయకపోతే ప్యాడుకు బూజు పట్టేస్తుంది. ఆటే కదా, మళ్లీ చేసుకోవచ్చు అనుకుంటే సరే. కానీ తాతయ్య భద్రంగా బీరువాలో దాచుకున్న కార్డు సంగతేంటి? ఏడాది తర్వాత తీసి చూస్తే అందులో మనవరాలి చేతిముద్ర మిగలాలిగా!

అందుకే ఇంట్లో స్టాంపు సిరా చేసేముందు ఒక సంగతి తెలుసుకోవాలి. వంటింట్లో రంగుకు కరవులేదు. కానీ రంగునీళ్లు వేరు, సిరా వేరు.

ప్యాడులో తడి.. కాగితం మీద పొడి

స్టాంపు సిరా చేయాల్సిన పనులు రెండు. అవీ ఒకదానికొకటి పూర్తిగా ఎదురు. ప్యాడులో ఉన్నంతసేపూ ఎండకూడదు. కాగితం మీద పడగానే ఆరిపోవాలి. ఉత్త రంగునీళ్లు ఈ రెండూ చేయలేవు. ప్యాడులో ఇట్టే ఆరిపోతాయి, కాగితం మీద పాకిపోతాయి.

ఇక్కడ ఆదుకునేది గ్లిజరిన్. మెడికల్ షాపులో చిన్న సీసా దొరుకుతుంది. ఇది గాలిలోని తేమను తనలోకి లాక్కుంటుంది కాబట్టి ప్యాడు తడి ఆరదు. అలాగని ఎక్కువ పోస్తే మాత్రం కాగితం మీద కూడా ఆరదు. వేలు తగిలితే చాలు, అలికేసినట్టవుతుంది. వానాకాలంలో కాస్త తగ్గించాలి, ఎండాకాలంలో కాస్త పెంచాలి. కోస్తా ఊళ్లలో ఉక్కపోత ఎక్కువ కాబట్టి అక్కడ ఇంకొంచెం తక్కువే మేలు.

రెండో సాయం తుమ్మబంకది. ఇది సిరాను చిక్కగా చేసి అంచులు చెదరకుండా చూస్తుంది. రంగును కాగితానికి అంటిపెట్టుకునేలా చేస్తుంది. మోతాదు మించితే స్టాంపు మీది సన్నగీతలన్నీ పూడిపోతాయి.

ఇంటి సిరా ఇలా..

మిఠాయిల్లో కలిపే పొడిరంగు అర చెంచా తీసుకోండి. రెండు చెంచాల గోరువెచ్చని నీటిలో పూర్తిగా కరగనివ్వాలి. తుమ్మబంక పొడి రెండు చిటికెలు వేసి, ఉండకట్టకుండా కలిపి పల్చటి గుడ్డలో వడకట్టాలి. చివర్లో ఒక చెంచా గ్లిజరిన్, రెండు చుక్కల లవంగ నూనె. లవంగ నూనె బూజును దూరంగా ఉంచుతుంది. అది లేకపోతే నీళ్లలో నాలుగు లవంగాలు వేసి మరిగించి, ఆ నీటినే వాడుకోవచ్చు.

ఇక ప్యాడు. మూత గట్టిగా పట్టే చదునైన ప్లాస్టిక్ డబ్బా ఒకటి వెతకండి. అందులో పట్టేంత స్పాంజి ముక్క కోసి పెట్టి, దానిమీద పాత నూలుగుడ్డను ముడతల్లేకుండా బిగించాలి. గుడ్డ లేకుండా ఒట్టి స్పాంజి మీద అద్దితే స్టాంపు గుంటల్లోకి కూడా సిరా వెళ్లి, బొమ్మ కాస్తా మచ్చయిపోతుంది. సిరాను చెంచాతో కొద్దికొద్దిగా వేస్తూ అరగంట పీల్చుకోనివ్వాలి. వేలితో నొక్కితే తడి తెలియాలి కానీ సిరా పైకి ఉబికి రాకూడదు. అంతే.. ప్యాడు సిద్ధం!

పూలు, దుంపలు, వేళ్లు

కొన్న రంగు వద్దు, పెరట్లోదే వాడతామంటారా? భేషుగ్గా వాడొచ్చు. శంఖుపూలను వేడినీళ్లలో వేస్తే నీలం దిగుతుంది. అందులో నిమ్మరసం పిండితే చూస్తుండగానే ఊదారంగైపోతుంది. పిల్లలకు ఇంతకు మించిన ఇంద్రజాలం ఏముంటుంది! బీట్‌రూట్‌ను మాత్రం మరీ మరిగించొద్దు. ఆ ఎరుపు వేడికి ఓర్వలేదు. తురిమి, పిండి, వడకట్టుకుంటే చాలు. పసుపు నీళ్లలో కరగదు, అడుగుకు దిగిపోతుంది. వాడేముందు ప్రతిసారీ కలుపుకోవాలి.

ఇవన్నీ చూడ్డానికి అందమే కానీ ఆయుష్షు తక్కువ. వెలుతురు పడేకొద్దీ పాలిపోతాయి. కొన్న మిఠాయి రంగుల్లోనూ కొన్ని అంతే. కాబట్టి ఇవి ఆటకు, ఇవాళ ఇచ్చి రేపు మర్చిపోయే కవర్లకు సరిపోతాయి. దాచుకునేవాటికి కావు.

మరి దాచుకునేవాటికి? సమాధానం మన కృష్ణా జిల్లాలోనే ఉంది.

పెడన వాళ్లకు తెలిసిన రహస్యం

మచిలీపట్నం పక్కనే ఉన్న పెడనలో కలంకారీ అద్దకం పనివాళ్లు టేకుచెక్క అచ్చులతో బట్టల మీద చేసేది కూడా స్టాంపు పనే. రంగు నిండిన తొట్టెలో గుడ్డ పొరల మీద అచ్చు ఒత్తి, బట్ట మీద పెట్టి, అరచేతి అంచుతో ఒక్క చరుపు చరుస్తారు. తేడా ఎక్కడంటే.. ఆ అచ్చు పడ్డ బట్టను తర్వాత పారే నీళ్లలో ఉతుకుతారు, ఉడకబెడతారు, ఎండలో ఆరేస్తారు. అన్నిటికీ తట్టుకుని నిలిస్తేనే అది కలంకారీ. రంగు దిగిపోయిందా, తానుకు తాను దండగే. రోజుల తరబడి చేసిన కష్టమంతా నీళ్లపాలు!

వాళ్ల నల్లరంగు పుట్టేది తుప్పులోంచి. ఇనప ముక్కల్ని బెల్లం నీళ్లలో వేసి రోజుల తరబడి పులియబెడతారు. కసిమి అంటారు దాన్ని. అయితే ఆ నీళ్లు వాటంతటవి నల్లగా ఉండవు. బట్టను ముందుగానే కరక్కాయ కలిపిన గేదెపాలలో ముంచి ఆరబెడతారు. పాలలోని వెన్న వల్ల రంగు పక్కకు పాకదు. కరక్కాయలోని వగరు, అచ్చులోని ఇనుము కలిసిన చోట నలుపు పుడుతుంది. అంటే సిరాలో సగం తొట్టెలో ఉంటే, మిగతా సగం బట్టలో ఉందన్నమాట!

ఎరుపు సంగతి మరీ విచిత్రం. ఆ చోట ముందు పటికనీళ్లతో అచ్చు వేస్తారు. తర్వాత రంగునీళ్లలో బట్టను ఉడకబెడితే పటిక పడ్డచోట ఎరుపు గట్టిగా పట్టుకుంటుంది. ఒకప్పుడు ఈ ఎరుపును చిరువేరు నుంచి తీసేవారు.

ఉతికినా పోని ఈ రంగులే ఒకనాడు ఐరోపాను ఊపేశాయి. ఇంగ్లిష్ ఈస్టిండియా కంపెనీ 1611లో మచిలీపట్నంలో వర్తకస్థావరం పెట్టుకుంది. ఇక్కడి అద్దకం బట్టలు ఓడలెక్కి వెళ్లాయి. భారతదేశపు పూలబట్టలకు గిరాకీ ఎంతగా పెరిగిందంటే, అక్కడి నేతగాళ్లు తమ పొట్ట కొడుతున్నారని గగ్గోలు పెట్టారు. ఫ్రాన్స్ 1686లో అద్దకం బట్టలను నిషేధించింది. ఇంగ్లండు 1700లో దిగుమతులకు అడ్డుకట్ట వేస్తూ చట్టం తెచ్చింది. అంత గొడవకూ మూలం రంగుల అందం ఒక్కటే కాదు, వాటి నిలకడ కూడా!

నల్లసిరా మన ఇంట్లో

ఆ నలుపును చిన్నమోతాదులో ఇంట్లోనూ చేసుకోవచ్చు. పెద్దవాళ్లు దగ్గరుండి చేయించాల్సిన పని ఇది. తుప్పుపట్టిన ఇనప మేకులు పదో పన్నెండో గాజుసీసాలో వేసి, మునిగేదాకా వెనిగర్ పోయాలి. స్టీలువి పనికిరావు, వాటికి తుప్పే పట్టదుగా. మూత బిగించొద్దు. లోపల పుట్టే వాయువు బయటికి పోవాలి. అందుకే గుడ్డ కట్టి, పొయ్యికి దూరంగా వారంపాటు ఉంచాలి. తర్వాత వడకట్టి, రెండు చెంచాల నీటికి చిటికెడు తుమ్మబంక కలిపితే సరి. ఏరోజుకారోజు కావలసినంతే కలుపుకోవాలి.

రెండు చెంచాల కరక్కాయ పొడిని గ్లాసుడు నీళ్లలో మరిగించి, చల్లార్చి వడకట్టండి. ఆ కషాయాన్ని మందపాటి కాగితం మీద కుంచెతో పూసి ఆరనివ్వండి. లేత పసుపు ఛాయ వస్తుంది. ఇప్పుడు దానిమీద ఇనపనీళ్ల అచ్చు వేయండి. చప్పగా కనిపించే నీళ్లు కాగితాన్ని తాకి నల్లబడటం పిల్లలు కళ్లారా చూస్తారు. గాలి తగిలేకొద్దీ ఇంకా ముదురుతుంది. చేతిరుమాలు మీద వేయాలంటే కొత్త నూలుబట్టను గంజిపోయేలా ఉతికి, కరక్కాయ పొడి కలిపిన చిక్కటి పాలలో ముంచి ఆరబెట్టాలి. అచ్చు వేశాక ఒకరోజు ఆగి చల్లటినీళ్లలో జాడించాలి.

మన పెద్దలు కరక్కాయ, అన్నభేది కలిపి రాతసిరా చేసుకున్నదీ ఈ సూత్రంతోనే. దీనికీ ఒక లోపం ఉంది. ఇనుము, పులుపు ఎక్కువైతే ఏళ్లు గడిచేకొద్దీ కాగితాన్నే తినేస్తాయి. అందుకే మందపాటి కాగితం, పల్చటి అచ్చు. ఈ సిరా చేతికి, గచ్చుకు అంటితే మరక త్వరగా పోదు. నోట్లోకి పోకుండా చూడాలి. ముఖాన, ఒంటిమీద బొమ్మలు వేయడానికి ఎంతమాత్రం వాడకూడదు. ఇక దస్తావేజులకూ, వేలిముద్రలకూ ఇంటిసిరా జోలికే వెళ్లొద్దు.

ఎండే పరీక్షాధికారి!

ఏ రంగు నిలుస్తుందో, ఏది వెలుస్తుందో తేల్చుకోవడానికి తేలికైన పరీక్ష ఉంది. ఒకే కాగితం మీద అన్ని సిరాలతో వరసగా అచ్చులు వేసి, కింద పేర్లు రాయాలి. పది నిమిషాలాగి వేలితో రుద్దితే గ్లిజరిన్ ఎక్కువైన సిరా అప్పుడే దొరికిపోతుంది. తర్వాత ప్రతి అచ్చులో సగం కనిపించకుండా అట్టముక్క కప్పి, ఎండ పడే కిటికీలో వారం ఉంచాలి. అట్ట తీయగానే ఏ రంగు ఎంత ఓడిపోయిందో రెండు సగాల్లో తేడాయే చెప్పేస్తుంది. ఈ కాగితాన్ని పిల్లలతోనే తేదీ వేయించి దాచిపెట్టండి.

శంఖుపూల నీలం, బీట్‌రూట్ గులాబీ ఆటలకు వాడుకోండి. తాతయ్య కార్డు మీది పేరు మాత్రం కరక్కాయ నలుపులో ఉండనివ్వండి. ఈ ఆదివారం మేకులు నానబెడితే వచ్చే ఆదివారానికి సిరా తయారు!