పోటీలు చింతపల్లిలో పెడితే ఏం?

హైస్కూల్ వాలీబాల్ పోటీలు ఎక్కడ పెట్టాలన్న మాట రాగానే "ఏజెన్సీలో సౌకర్యాలు లేవు" అంటారు. వాలీబాల్‌కి స్టేడియం అక్కర్లేదు కదా! కోర్టు 18 మీటర్ల పొడవు, 9 మీటర్ల వెడల్పు. చుట్టూ 3 మీటర్లు వదిలినా 24 బై 15 మీటర్ల చదును నేల చాలు. చింతపల్లిలో అంత నేల దొరకదా? 2022 ఏప్రిల్ 4న పాడేరు కేంద్రంగా మనకంటూ ఒక జిల్లా వచ్చింది. ఇంకా మన పిల్లలే ఘాట్ దిగాలా?

అసలు చూడాల్సింది వేరే. కొండమీది ఊరి ఆడపిల్ల అక్కడికి బస్సులో చేరగలదా? రాత్రి ఉండటానికి హాస్టల్ గది, గడియ పడే బాత్‌రూమ్, నీళ్లు ఉన్నాయా? ఇవి లేకపోతే సెలక్షన్ వచ్చినా ఇంట్లో పంపరు. ఆమె ఆట అక్కడితో ఆగిపోతుంది. లంబసింగి చలి, మంచు మనకి తెలిసిందే. అందుకే వానలు వెళ్లాక పెట్టాలి, ఎండ ఎక్కాకే మ్యాచ్ మొదలవ్వాలి.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! చింతపల్లిలో ఏం ఉన్నాయో, ఏం లేవో మనమే రాసుకుని ఐటీడీఏకి అర్జీ ఇద్దాం. లేనివి అడుగుదాం, ఆట మాత్రం మన కొండల్లోనే ఆడదాం.