అన్నం పెట్టిన ఆండీస్‌కు ఇదా మర్యాద?

పూరీ పక్కన ఆలూ కూర పెట్టని టిఫిన్ సెంటర్ మన ఊళ్లలో కనపడదు. చేదు, విషం ఉన్న అడవి దుంపను వేల ఏళ్ల కిందట మచ్చిక చేసి తినే పంటగా మార్చింది మాత్రం ఆండీస్ కొండల్లోని కెచువా, ఐమరా రైతుల పూర్వీకులని చెప్పేవాళ్లేరీ? పేరు మరిచారంటే సర్దుకుపోవచ్చు. ఆ పంటకు వాళ్లు పెట్టే దండాన్ని మూఢనమ్మకమని కొట్టిపారేస్తేనే మింగుడుపడదు.

వాళ్లకు నేల పాచమామా, అంటే కన్నతల్లితో సమానం. ఆగస్టులో కొత్త సేద్యం మొదలయ్యే ముందు గుంట తీసి కోకా ఆకులు, తిండి పదార్థాలు, మొక్కజొన్నతో కాచిన చిచా ఆమెకు సమర్పిస్తారు. చిచా ముంత అందుకున్నవాళ్లు ముందు నాలుగు చుక్కలు నేలకు వంపి, ఆ తర్వాతే తాగుతారు. పుచ్చుకున్నదాంట్లో కొంత తిరిగి ఇవ్వాలన్నది వాళ్ల ధర్మం.

ఆ భక్తి వెనక ఎంత నేర్పు ఉందో చూడాలంటే చూన్యో అనే ఎండు దుంపల తయారీ చూడాలి. జూన్, జూలై నెలల్లో ఎత్తైన మైదానాల మీద దుంపల్ని పరిచి రాత్రి మంచుకు వదిలేస్తారు. పొద్దెక్కి అవి మెత్తబడగానే వట్టి కాళ్లతో తొక్కి నీరు పిండుతారు. రాత్రి మళ్లీ గడ్డకట్టడం, పగలు మళ్లీ ఎండటం. చివరికి గులకరాళ్లలా నల్లబడి, తేలికపడి, ఏళ్ల తరబడి చెడకుండా ఉంటాయి. కరువొచ్చినప్పుడు ఆదుకునేవి ఇవే.

ఆండీస్‌లో 4,000కు పైగా స్థానిక దుంప రకాలున్నాయి. ఒకే చెక్కలో పలు రకాలు కలిపి నాటుతారు కాబట్టి, మంచుకో తెగులుకో ఒకటి పోయినా ఇంకొకటి దక్కుతుంది. తల్లి ఇచ్చిన బిడ్డల్లో ఒక్కదాన్నీ వదులుకోకూడదనుకునే మనసే ఆ విత్తనాలను ఇన్నాళ్లు కాపాడింది. బయటివాళ్లు దుంపను పట్టుకుపోయారు గానీ ఆ పద్ధతిని పట్టించుకోలేదు. ఐర్లాండ్ పేదలు దాదాపు ఒకే రకం మీద బతికారు. 1845లో తెగులు తగిలింది, పాలకుల నిర్లక్ష్యం దానికి తోడైంది, సుమారు పది లక్షల మంది ప్రాణాలు పోయాయి.

అదే ఆండీస్ పంట క్వినోవా కథ ఇంకా చేదు. ఆదివాసుల తిండని దాన్ని వలస పాలకులు చిన్నచూపు చూశారు. 1994లో ఒక క్వినోవా రకం మీద అమెరికాలో పేటెంటే ఇచ్చేశారు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదే. బొలీవియా రైతులు గొడవ చేశాక 1998లో గానీ పేటెంట్ తీసుకున్నవాళ్లు దాన్ని వదులుకోలేదు. 2013ను ఐక్యరాజ్యసమితి క్వినోవా సంవత్సరంగా ప్రకటించింది. ఇప్పుడు హైదరాబాద్ సూపర్‌మార్కెట్లలో దొరికే ప్యాకెట్ల మీద ప్రొటీన్ లెక్కలుంటాయి, దాన్ని కాపాడినవాళ్ల ఊసు ఉండదు. కొర్రలు, సామలు తినేవాళ్లను నిన్నటిదాకా నామోషీగా చూసిన మనకు ఈ అవమానం అర్థం కావాలి కదా!

దిద్దుకోవడం అసాధ్యమేమీ కాదు. ఆండీస్‌లోని కుస్కో దగ్గరి పీసాక్ గ్రామాలు తమ దుంపల కోసం ఒక పార్కు ఏర్పాటు చేసుకున్నాయి. లీమాలోని అంతర్జాతీయ బంగాళాదుంప పరిశోధన కేంద్రం తన దగ్గర దాచిన రకాలను 2004 ఒప్పందం ప్రకారం ఆ ఊళ్లకు తిరిగి ఇచ్చింది. ఒక సంస్థ చేయగలిగినప్పుడు, వాళ్ల పంటతో వ్యాపారం చేసుకునే మిగతావాళ్లకు ఏం అడ్డం? విత్తనం వాడుకునే ముందు వాళ్ల అనుమతి అడగండి. లాభంలో వాటా ఇవ్వండి. వాళ్ల మొక్కును ఎగతాళి చేయడం మానండి, ఆ మొక్కే మన కంచం నింపింది.