కొంటానని తప్పుకునే బేరాలపై సేకర్తల సంఘం తీర్మానం

పాత నాణేలు, కరెన్సీ నోట్లు, తపాలా బిళ్ళలు సేకరించే మన సంఘం సభ్యులు హైదరాబాదులో సర్వసభ్య సమావేశం జరుపుకొని, ఆన్‌లైన్‌లో బేరం కుదిరాక కొనుగోలుదారు వెనక్కు తగ్గుతున్న సందర్భాల మీద అమ్మినవారి ఫిర్యాదులనూ, కొన్నవారి సంజాయిషీలనూ విన్నారు. చర్చ తరువాత సమావేశం ఈ తీర్మానాన్ని ఆమోదించింది.

మామూలు సరుకును ఒకరు వద్దంటే అదే సరుకు మరొకరికి వెళ్తుంది. కొట్టువాడికి పోయేది తక్కువ. సేకరణ వస్తువు సంగతి వేరు. ఫలానా సంవత్సరంలో ముద్రించి, ఫలానా స్థితిలో నిలిచిన నాణెం అమ్మేవారి దగ్గర సాధారణంగా ఒక్కటే ఉంటుంది. దాని కోసం వెతికేవారూ కొద్దిమందే. గ్రూపులో ఒకరు ‘బుక్’ అని పెట్టగానే మిగతావారు ఆశ వదులుకొని ఆ డబ్బుతో మరొకటి కొనుక్కుంటారు. మూడు రోజులకు ‘సారీ అండీ, ఇంట్లో ఒప్పుకోలేదు’ అని మెసేజ్ వస్తుంది. అప్పటికి రెండో బేరగాడు లేడు. అదే నాణేన్ని మళ్ళీ అమ్మకానికి పెడితే చూసినవారందరిదీ ఒకటే అనుమానం: తీసుకున్నాయన ఎందుకు వదిలేశాడు, ఇందులో ఏదో ఉండే ఉంటుంది! ధర అక్కడే దిగుతుంది. ఏ లోపమూ లేని నాణేనికి మచ్చ పడుతుంది. ఈ నష్టం ఏ రసీదులోనూ కనపడదు కాబట్టే తప్పుకునేవారికి అది నష్టంగా తోచడం లేదని సమావేశం గుర్తించింది.

పార్సిల్ బయల్దేరాక వద్దనేవారి వల్ల జరిగే నష్టం ఇంకా పెద్దది. క్యాష్ ఆన్ డెలివరీ మీద పంపిన కవరు గుమ్మం దాకా వెళ్ళి వెనక్కు వస్తుంది. రానూపోనూ ఖర్చు అమ్మినవారి మీదే పడుతుంది. తపాలా బిళ్ళకైతే వానాకాలంలో ఆ ప్రయాణమే ప్రమాదం. వెనక జిగురు చెక్కుచెదరని మింట్ బిళ్ళ తేమకు కవరును అంటుకుంటే ఊడదీసేసరికి జిగురు పోతుంది, దానితోపాటే విలువా పోతుంది.

అయితే వద్దన్న ప్రతివారూ మాట తప్పినవారు కారు. సమావేశం ముందుకు వచ్చిన ఒక ఫిర్యాదును ఇక్కడ వివరంగా నమోదు చేస్తున్నాం. మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలపు చార్మినార్ రూపాయి ఒకటి అమ్మకానికి వచ్చింది. ఈ నాణెం మీద చార్మినార్ నడిమి ద్వారంలో ‘ఐన్’ అక్షరం ఉంటుంది. ఉస్మాన్ పేరుకు అది మొదటి అక్షరం. అంతకుముందు మహబూబ్ అలీఖాన్ నాణేల మీద అదే చోట ‘మీమ్’ ఉండేది. ఐన్‌ను పొట్టిగా చెక్కినవి కొన్ని, పూర్తిగా చెక్కినవి కొన్ని. సేకర్తకు ఇవి రెండు వేర్వేరు రకాలు. ఒకటి ఉన్నవారు రెండోదాని కోసం ఏళ్ళ తరబడి వెతుకుతారు. అమ్మినవారు పెట్టిన ఫొటోలో వెలుతురు సరిగ్గా ద్వారం మీద పడి అక్షరం తెల్లగా మెరిసిపోయింది. పార్సిల్ కట్టకముందే కొన్నవారు దగ్గరి ఫొటో అడిగి తెప్పించుకుని, తాను వెతుకుతున్న రకం కాదని చూసి వద్దన్నారు. దాన్ని మాట తప్పడంగా అమ్మినవారు ఫిర్యాదు చేశారు. సమావేశం అలా భావించడం లేదు. ద్వారంలోని అక్షరం కనపడని ఫొటో చూపి కుదుర్చుకున్నది కుదిరిన బేరం కాదు.

చట్టాన్ని కూడా సమావేశం పరిశీలించింది. ప్రతిపాదన, అంగీకారం వాట్సాప్‌లో జరిగినా వెబ్‌సైటులో జరిగినా, ఎలక్ట్రానిక్ రూపంలో ఉన్నాయన్న ఒక్క కారణంతో ఆ ఒప్పందం చెల్లకుండా పోదని 2000 నాటి సమాచార సాంకేతిక చట్టంలోని 10ఎ సెక్షన్ చెబుతోంది. మాట తప్పినవారి నుంచి పరిహారం కోరే హక్కు 1872 కాంట్రాక్టు చట్టంలోని 73వ సెక్షన్ ఇస్తుంది. జరిమానా ముందే రాసుకున్నా సమంజసమైనంత మేరకే ఇప్పిస్తామని 74వ సెక్షన్ అంటుంది. పద్దెనిమిదేళ్ళు నిండనివారితో చేసుకున్న ఒప్పందం చెల్లదు. వేలంలోనైతే సుత్తి పడేదాకా బిడ్ వెనక్కు తీసుకోవచ్చునని 1930 వస్తు విక్రయ చట్టంలోని 64వ సెక్షన్‌లో ఉంది. ఇన్ని ఉన్నా ఎనిమిది వందల రూపాయల బేరం కోసం కోర్టు మెట్లెక్కేవారు మనలో ఎవరూ లేరు. అందుకే ఈ కట్టుబాట్లను మనమే ఏర్పరచుకోవలసి వస్తోంది.

కావున ఈ సమావేశం ఇందుమూలంగా తీర్మానించేది ఏమనగా:

ముందుగా అమ్మే సభ్యుల బాధ్యత. నాణేనికి రెండు ముఖాల ఫొటోలతో పాటు అంచు ఫొటో, గ్రాముల్లో బరువు తప్పనిసరిగా ఇవ్వాలి. చార్మినార్ రూపాయి సుమారు 11.18 గ్రాములు, బ్రిటిష్ ఇండియా వెండి రూపాయి 11.66 గ్రాములు తూగాలి. అరిగి తగ్గితే తగ్గిందని రాయాలి. స్వాతంత్ర్యం తరువాతి నాణేల మీద సంవత్సరం కింద ఉండే టంకశాల గుర్తు స్పష్టంగా కనపడాలి. హైదరాబాదు నక్షత్రం గుర్తుకూ ముంబయి వజ్రం గుర్తుకూ తేడా తెలియని ఫొటోతో అమ్మకం పెట్టరాదు. తోమి మెరుగు పెట్టినదైతే ఆ మాట, హారంలో గుచ్చడానికి కాడ అతికించి తీసేసినదైతే ఆ మాట చెప్పి తీరాలి. తపాలా బిళ్ళకు వెనకవైపు ఫొటో లేకుండా ధర అడగరాదు. ఇవి పాటించని అమ్మకంలో కొనుగోలుదారు ఏ దశలో వద్దన్నా సంఘం అమ్మినవారి ఫిర్యాదును స్వీకరించదు.

‘బుక్’ అన్న మాటకు ఇకమీదట ఒకటే అర్థం: ఇరవై నాలుగు గంటల్లో డబ్బు చెల్లిస్తానని మాట ఇవ్వడం. మొదటి రెండు గంటల్లో కారణం చెప్పకుండానే విరమించుకోవచ్చు. అలా విరమించుకున్నవారిని ఎవరూ ఒక్క మాట అనరాదు. ఆలోచించుకోవడానికి ఎవరికైనా కాస్త వ్యవధి కావాలి, రాత్రిపూట ఫోను చూస్తూ నొక్కేసినవారికి మరీ కావాలి. ఇరవై నాలుగు గంటలు దాటితే బుకింగ్ దానంతటదే రద్దవుతుంది. బతిమాలడాలు, గుర్తు చేయడాలు అక్కరలేదు. మొదటివారు బుక్ చేశాక కూడా రెండోవారు, మూడోవారు వరుసలో పేరు పెట్టుకోవచ్చు, అమ్మేవారు ఆ వరుసను అందరికీ కనపడేలా ఉంచాలి. రద్దు వల్ల అమ్మేవారికి కలిగే అసలు నష్టం రెండో బేరగాడు చేజారిపోవడమే కనుక, ఈ తీర్మానం మొత్తంలో అతి ముఖ్యమైనది ఈ వరుసేనని సమావేశం అభిప్రాయం.

అయిదు వేల రూపాయలు మించిన వస్తువుకు పదో వంతు బయానా తీసుకోవచ్చు. బయానా ఇచ్చి గడువు దాటాక వద్దంటే అమ్మినవారు నిజంగా పెట్టిన ఖర్చు మాత్రమే మినహాయించుకుని మిగతాది వారంలోగా తిరిగి ఇవ్వాలి. అమ్మేవారే ఎక్కువ ధర వచ్చిందని మాట మారిస్తే బయానా వాపసు ఇచ్చి, మరో అంత మొత్తం తమ జేబులోంచి చెల్లించాలి. వాణిజ్య సంస్థలు తాము రద్దు చేసినప్పుడు భరించని రుసుమును వినియోగదారు రద్దు చేసినప్పుడు వసూలు చేయరాదని 2020 ఈ-కామర్స్ నిబంధనలు చెబుతున్నాయి. పెద్ద సంస్థలకు వర్తించే ఆ న్యాయం మన మధ్య కూడా వర్తించడమే సబబు.

సభ్యులు క్యాష్ ఆన్ డెలివరీ మీద వస్తువు పంపరాదు. పార్సిల్ కట్టేటప్పుడు నాణేన్ని త్రాసు మీద పెట్టి, అంకె కనపడేలా వీడియో తీయాలి. అందుకున్నవారు విప్పేటప్పుడూ అలాగే తీయాలి. వర్ణనకు సరిపోలకపోతే మూడు రోజుల్లో వాపసు చేయవచ్చు. వచ్చిన నాణేన్ని చింతపండుతోనో రసాయనంతోనో తోమి వాపసు అడిగితే ఇవ్వనక్కరలేదు.

వేలాల విషయంలో సమావేశం ఎక్కువసేపు చర్చించింది. ఒకరు వరుసగా బిడ్లు పెంచుకుంటూ పోయి, గెలిచాక మాయమవుతారు. అమ్మేవారు రెండోవారికి ఫోన్ చేసి ‘మీ చివరి బిడ్ 1,200 కదా, మీకే ఇస్తాను’ అంటారు. వినడానికి ఇది న్యాయంగానే ఉంటుంది, కానీ కాదు. ఆ మనిషి 1,200 దాకా వెళ్ళింది తప్పుకున్నవారు ఎగదోసినందువల్ల. వారి బిడ్లు తీసేసి చూస్తే మిగిలినవారిలో అందరికన్నా పైన ఉన్న మరొకరి బిడ్ 700 మాత్రమే కావచ్చు. అలాంటప్పుడు రెండోవారికి వస్తువు 700 మీద ఒక్క మెట్టు ధరకే రావాలి. తప్పుకున్నవారి బిడ్లన్నీ కొట్టేసి, మిగిలినవాటిని బట్టి ధర కట్టి, ఆ ధరకు రెండోవారిని అడగాలి. వారు వద్దంటే వారి మీద ఏ నిందా లేదు. అమ్మేవారి మనుషులే బిడ్లు ఎగదోసి తప్పుకున్నట్లు రుజువైతే ఆ సభ్యత్వం రద్దవుతుంది. సుత్తి పడకముందు బిడ్ వెనక్కు తీసుకునే హక్కును సంఘం కాదనదు.

బడి పిల్లలు బుక్ చేసి తప్పుకుంటే ఒక్క రూపాయి కూడా మినహాయించకుండా వదిలేయాలి. చెల్లించినది పూర్తిగా పెద్దవారి ఖాతాకు తిరిగి పంపాలి. చట్టం ఎలాగూ అదే చెబుతుంది. అంతకుమించి, తపాలా బిళ్ళల మీద మోజుతో వచ్చిన పిల్లవాడిని కసిరి పంపితే వాడు మళ్ళీ ఈ వైపు రాడు. తరువాతి తరం సేకర్తలు మనకు అక్కడినుంచే రావాలి.

విదేశాల్లో ఉన్న తెలుగువారు తాతల కాలపు హైదరాబాదు నాణేలు అడగడం మనకు సంతోషం. కానీ నూరేళ్ళు దాటిన నాణెం 1972 పురావస్తువుల చట్టం కింద పురావస్తువే. దాన్ని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించరాదు, దాని వ్యాపారానికి లైసెన్సు కావాలి. 1911లో గద్దెనెక్కిన ఉస్మాన్ అలీఖాన్ తొలి ఏళ్ళ నాణేలన్నీ ఇప్పుడు ఈ కోవలోకే వస్తాయి. ఈ సంగతి ముందే చెప్పకుండా డబ్బు తీసుకున్న బేరం రద్దయితే తప్పు అమ్మినవారిది, పూర్తి సొమ్ము వాపసు ఇవ్వాలి.

రద్దు పేరుతో జరిగే మోసాలను కూడా ఇక్కడ ప్రస్తావించాలి. పొరపాటున ఎక్కువ పంపాను, మిగిలింది తిరిగి పంపండి అనేవారు చూపే స్క్రీన్‌షాట్‌ను నమ్మరాదు. బ్యాంకు ఖాతాలో సొమ్ము పడిందో లేదో స్వయంగా చూసుకున్నాకే మాట్లాడాలి. డబ్బు అందుకోవడానికి యూపీఐ పిన్ ఎప్పుడూ అవసరం లేదు. రిజర్వు బ్యాంకు పేరు చెప్పి పాత నాణేల మీద రుసుము, కమీషన్ అడిగేవారితో తమకు సంబంధం లేదని ఆ బ్యాంకు 2021 ఆగస్టులోనే ప్రజలను హెచ్చరించింది.

మాటిమాటికీ తప్పుకునేవారి పేర్లు, ఫోన్ నంబర్లు గ్రూపుల్లో పెట్టాలని వచ్చిన సవరణను సమావేశం తిరస్కరించింది. సవరణ తెచ్చిన సభ్యుల బాధ న్యాయమైనదే. అయినా ఆసుపత్రి ఖర్చు మీద పడి తప్పుకున్నవారికీ, ఆటగా తప్పుకున్నవారికీ తేడా ఆ జాబితాలో కనపడదు. ఒకసారి బయటపడ్డ నంబరు మళ్ళీ దాచలేం. పరువు నష్టం దావా వస్తే సంఘం దగ్గర జవాబూ లేదు. దానికి బదులు, ఏడాదిలో మూడుసార్లు గడువు దాటాక కారణం లేకుండా తప్పుకున్న సభ్యులు తరువాతి ఏడాది పూర్తి సొమ్ము ముందు చెల్లించి మాత్రమే కొనాలి. ఆ నిర్ణయం వారిని పిలిపించి విన్నాకే జరగాలి, కార్యదర్శి వద్ద ఉండే పుస్తకంలో మాత్రమే నమోదు కావాలి. అనారోగ్యం, ఉద్యోగం పోవడం, ఇంట్లో చావు వంటి కారణాలకు రుజువు అడగరాదు.

ఈ తీర్మానం వచ్చే నెల మొదటి తేదీ నుంచి అమల్లోకి వస్తుంది. అంతకుముందు కుదిరిన బేరాలకు వర్తించదు. ఇప్పటికే బయానా చిక్కుల్లో ఉన్నవారు ఇరుపక్షాల మెసేజ్‌లు, ఫొటోలతో నెలాఖరులోగా కార్యదర్శిని కలవాలి. తీర్మానం ప్రతిని ప్రతి అమ్మకం గ్రూపులోనూ పైన కనపడేలా ఉంచే బాధ్యతను ఆయా గ్రూపుల నిర్వాహకులకు అప్పగించడమైనది.