‘తెలియదు’ అనటమూ వైద్యమే

కొత్త మందు గురించో, కొత్త టీకా గురించో వార్త వస్తే మనం ముందు అడిగేది ఒకటే. పనిచేస్తుందా, లేదా? అవుననో కాదనో తేల్చి చెబితే సంతోషిస్తాం. ‘ఇప్పుడే చెప్పలేం, ఇంకా చూడాలి’ అంటే నిరుత్సాహపడతాం. చెప్పేవారికే విషయం సరిగా తెలియదేమోనని అనుమానిస్తాం. కానీ వైద్య పరిశోధనలో అన్నింటికన్నా కష్టమైన మాట అదే. దాని విలువేంటో తెలియాలంటే క్షయ చరిత్ర ఒక్కటి చూస్తే చాలు.

క్షయకు కారణమయ్యే సూక్ష్మక్రిమిని జర్మనీ శాస్త్రవేత్త రాబర్ట్ కాక్ 1882 మార్చి 24న వెల్లడించారు. ఏటా ఆ రోజునే ప్రపంచ టీబీ దినం జరుపుకొంటున్నాం. ఆయన రుజువులు చాలా పకడ్బందీగా ఉన్నాయి. క్రిమిని వేరుచేసి, విడిగా పెంచి, జంతువుల్లోకి ఎక్కిస్తే అదే జబ్బు వస్తోందని కళ్లకు కట్టారు. సందేహించటానికి తావివ్వలేదు.

ఎనిమిదేళ్లు గడిచాయి. 1890లో బెర్లిన్‌లో జరిగిన వైద్య మహాసభలో అదే కాక్, క్షయ క్రిమిని అడ్డుకునే పదార్థం దొరికిందని ప్రకటించారు. అదే ట్యూబర్‌క్యులిన్. అది దేనితో తయారైందో మొదట్లో బయటపెట్టలేదు. అయినా అంతటి మనిషి చెప్పాడు కదా అని దేశదేశాల నుంచి రోగులు బెర్లిన్‌కు బారులు తీరారు. తీరా చూస్తే జబ్బు నయం కాలేదు. కొందరికి ముదిరింది, కొందరు చనిపోయారు. ఆ పదార్థం చివరికి మరో పనికి అక్కరకొచ్చింది. ముంజేతికి చిన్న సూదిమందు ఇచ్చి, రెండు మూడు రోజుల తర్వాత గట్టిపడిన చోటును కొలిచే మాంటూ పరీక్షలో వాడేది దాన్నుంచి వచ్చిందే. మనిషి ఒకరే, మేధస్సూ అదే. మొదటిసారి ఆధారాలన్నీ అందరి ముందూ పరిచారు. రెండోసారి తన మాట నమ్మమన్నారు. తేడా అక్కడే వచ్చింది.

ఇక మనవైపు చూద్దాం. మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం శానిటోరియం పేరు పాతతరానికి బాగా తెలుసు. క్షయ వస్తే ఇల్లు వదిలి అలాంటి చోటికి వెళ్లాలి, మంచి గాలి, పూర్తి విశ్రాంతి, పుష్టికరమైన తిండి ఉంటేనే తగ్గుతుందన్నది అప్పటి నమ్మకం. డాక్టర్లూ అదే నమ్మారు. కానీ దేశంలో లక్షలాది రోగులుంటే శానిటోరియంలలో పడకలు కొన్ని వేలే. ఇంటి దగ్గరే మందులిస్తే ఏమవుతుంది? దీన్ని పరీక్షించటానికి 1956లో మద్రాసులో ఒక పరిశోధన కేంద్రం పెట్టారు. ఎవరు శానిటోరియంకు వెళ్లాలి, ఎవరు ఇంట్లో ఉండాలన్నది డాక్టర్ల ఇష్టానికి వదలకుండా, చీటీలు తీసినట్టుగా రోగులను రెండు జట్లుగా విడదీశారు. ఇంట్లో ఉన్నవారికి తిండి తక్కువ, ఇరుకు గదులు, విశ్రాంతి అంతంతే. అయినా ఏడాది తర్వాత ఫలితాలు ఇంచుమించు సమానంగానే వచ్చాయి. ఇంట్లోవారికి జబ్బు అంటుకునే ముప్పూ పెరగలేదు. 1959లో ఈ వివరాలు అచ్చయ్యాయి. ఈరోజు టీబీ రోగులు ఇంట్లో ఉంటూ, పనులు చేసుకుంటూ మందులు వాడుతున్నారంటే, తమ నమ్మకాన్ని తామే పరీక్షకు పెట్టుకున్న ఆ డాక్టర్ల చలవే.

అంతకన్నా కఠినమైన పరీక్ష మద్రాసు పక్కనున్న చెంగల్పట్టు జిల్లాలో జరిగింది. అప్పటికే దేశంలో కోట్ల మందికి బీసీజీ టీకా వేశారు. అది నిజంగా ఎంత కాపాడుతోందో తేల్చటానికి 1968లో భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం మొదలుపెట్టింది. సుమారు 2.6 లక్షల మందిలో కొందరికి అసలు టీకా, కొందరికి ఉత్తుత్తి టీకా వేశారు. ఎవరికి ఏది వేశారో వేసినవారికీ తెలియదు, వేయించుకున్నవారికీ తెలియదు. ఏడున్నరేళ్ల ఫలితాలు చూస్తే, పెద్దల ఊపిరితిత్తుల క్షయను టీకా అడ్డుకోలేదని తేలింది. ఎవరూ కోరుకోని ఫలితమది. అయినా దాచలేదు. పదిహేనేళ్లు వెంటాడి చూసి, మళ్లీ అదే మాట చెప్పారు. అదే సమయంలో తమ అధ్యయనం చెప్పనిదేంటో కూడా స్పష్టం చేశారు. పసిపిల్లల్లో మెదడు పొరలకు వచ్చే క్షయ వంటి ప్రమాదకరమైన రకాల గురించి అది తేల్చలేదు. వాటి నుంచి బీసీజీ కాపాడుతుందని వేరే అధ్యయనాలు చూపించాయి. అందుకే పుట్టిన బిడ్డకు ఇప్పటికీ ఆ టీకా వేస్తున్నారు, వేయించాలి కూడా.

ఇలాంటి నిజాయితీని వ్యక్తుల మంచితనానికే వదిలేయలేం. బాగా వచ్చిన ఫలితాలనే ప్రకటించి, మిగతావి బీరువాలో పెట్టేస్తే నష్టపోయేది రోగులే. అందుకే 2009 జూన్ నుంచి మనదేశంలో మందుల ప్రయోగ పరీక్షలను మొదలుపెట్టకముందే జాతీయ రిజిస్ట్రీలో నమోదు చేయటం తప్పనిసరైంది. ఏం చూడబోతున్నారో ముందే రాసిపెడితే తర్వాత మాట మార్చటం కష్టం. అయితే నమోదుతోనే సరిపోదు. ఫలితం ఎలా వచ్చినా బయటపెట్టేలా చూడాలి.

మన వంతూ ఉంది. ‘నూటికి నూరు శాతం గ్యారంటీ’ అన్న మందు కనిపిస్తే మూడు ప్రశ్నలు వేసుకోవాలి. ఎంతమందికి ఇచ్చి చూశారు? వాడనివారితో పోల్చారా? తగ్గనివారి సంగతేంటి? జవాబు లేకపోతే జేబులో చెయ్యి పెట్టొద్దు. సైన్స్ మాట మార్చిందని విని, వాడుతున్న మందులను సొంతంగా ఆపేయొద్దు. సందేహం ఉంటే డాక్టర్‌నే అడగండి. ‘ఇంతవరకు తెలుసు, ఇక్కడి నుంచి తెలియదు’ అని విడమరచి చెప్పే డాక్టర్ దొరికితే మాత్రం వదులుకోవద్దు.