గోడ రంగుకి సైకాలజీ ఎందుకండీ?

ఈమధ్య ఇంటికి రంగులు వేయించాలంటే చాలు, చేతిలో ఓ చార్టు పెడుతున్నారు. ఎరుపు కోపం తెప్పిస్తుందట, నీలం మనసుని చల్లబరుస్తుందట, ఆడపిల్ల గదికి గులాబీయే వేయాలట. ఎవరండీ చెప్పింది?

ఎరుపు కోపమైతే, రోజూ నుదుట కుంకుమ పెట్టుకునే మనమంతా ఎంత కోపిష్టులం కావాలి! తెలుపు వైధవ్యానికి గుర్తు అనేవాళ్ళే పెళ్ళిపీటల మీద వధువుకి తెల్లటి మధుపర్కం కట్టిస్తారు. శుభకార్యానికి నల్లచీర వద్దంటూనే మెడలో నల్లపూసలు వేస్తారు. గులాబీ సంగతీ అంతే. 1918లో అమెరికాలో ఓ పత్రిక మగపిల్లలకి గులాబీ, ఆడపిల్లలకి నీలం నప్పుతాయని రాసింది! రంగుకి అర్థం ఇచ్చేదీ మనమే, మార్చేదీ మనమే.

చార్టు అడగని ప్రశ్నలు వేరే ఉన్నాయి. ఆ గదిలో పడమటి ఎండ పడుతుందా? రాత్రి వేసే లైటు పసుపుదా, తెల్లదా? పోపుల జిడ్డు పట్టిన వంటింటి గోడ తుడిస్తే శుభ్రపడుతుందా? అసలు తుడిచేది ఎవరు? రోజంతా ఆ గోడల మధ్య ఉండేది ఎవరు?

ముందు ఆవిడని అడగండి. శాంపిల్ డబ్బా తెచ్చి గోడ మీద కాస్త పూసి పొద్దున, మధ్యాహ్నం, లైటు వేశాక చూసుకోనివ్వండి. ఆవిడకి నచ్చిందా, అదే మంచి రంగు. ఎరుపైనా సరే!